గేటు దాటితే మన మాట లేదు

గంగాభవానికి పిల్లల తలలు దువ్వడమంటే ఇష్టం. జీతానికి చేసే పనుల్లో ఇష్టమైనదంటూ ఒకటి ఉంటే అదే. రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఒక ట్రస్టు నడిపే బాలికల గృహంలో ఆమె పిల్లల్ని చూసుకునేది. ఆ ఉద్యోగానికి ఆఫీసులో ఏదో పేరుంది గాని పిల్లలు మాత్రం అమ్మా అనేవాళ్ళు. పొద్దున్నే వరండా మెట్ల మీద కూర్చుని, కొబ్బరినూనె సీసా పక్కన పెట్టుకుని, ఒక్కొక్కర్నీ ముందు కూర్చోబెట్టుకుని జడలేసేది. వేస్తున్నంతసేపూ తెలుగులో మాట్లాడేది. ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలుగు రాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ పిల్లలు, ఒడియా పిల్లలు, ఏ రైల్లోంచో తప్పి దిగిపోయిన బీహారు పిల్లలు. అయినా ఎవరూ వద్దనలేదు. నూనె పెట్టే చెయ్యి మెత్తగా ఉంటే చాలు, నోరు ఏమంటున్నదో ఎవరికి కావాలి.

ఆమె తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల షాపులో ఖలాసీగా చేరాడు. ఆమె రైల్వే క్వార్టర్లోనే పుట్టింది. అదే షాపులో ఫిట్టరు సత్తిరాజుని పెళ్ళాడి ఇంకో క్వార్టర్లోకి మారింది. ఆ లైన్లలో తెలుగిళ్ళు చాలానే ఉండేవి. అన్నిళ్ళలోనూ ఒక కట్టుబాటు ఉండేది. గడప లోపల మన మాట, గడప దాటితే వాళ్ళ మాట. వీధిలో తెలుగు వినబడితే చాలు, "ఇడ్లీ వడా, ఇడ్లీ వడా" అంటూ పిల్లలు వెంటపడేవాళ్ళు. అందుకే తల్లులు బడికి పంపేముందు గడప దగ్గర నిలబెట్టి, పెదాల మీద వేలుంచి, "స్, ఇంక మన మాట లేదు" అనేవాళ్ళు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఏ టీచరు అడిగినా, ఏ కిరాణా సేఠ్ అడిగినా, ఆ లైన్లలో పెరిగినవాళ్ళ జవాబు ఒకటే. హిందీయేనండీ. అది అబద్ధమని కూడా ఎవరికీ తోచేది కాదు. బయటికెళితే చెప్పులేసుకున్నట్టు, అంతే.

ఆ కట్టుబాటు ఎవరికీ చెడు చెయ్యలేదు. గంగాభవాని హిందీలో మెట్రిక్ పాసైంది. ఆమె కూతురు వీణ భిలాయిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది.

చాందిని ఆ గృహానికి వచ్చింది రెండు వేల పదకొండులో. టాటీబంధ్ కూడలి దగ్గర, లారీలు ఆగేచోట, ఒక్కర్తీ చెవులు మూసుకుని కూర్చుని ఉంటే పోలీసులు తీసుకొచ్చారు. ఐదేళ్ళుంటాయి. పేరడిగితే చెప్పలేదు, ఊరడిగితే చెప్పలేదు, ఏడవను కూడా లేదు. చేతిలో చాక్లెట్టు మీది వెండి కాగితం ఒకటి నలక్కుండా పట్టుకుని ఉంది. అది వెన్నెల్లా మెరుస్తోందని సూపరింటెండెంటు మేడమ్ చాందిని అని పేరు పెట్టింది. తరవాత పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి ఆటిజం అన్నాడు. మందు లేదు, నేర్పుతూ ఉండాలి, చెప్పింది చెప్పినట్టు ఒకేలా చెప్పండి, రోజూ ఒకేలా చెయ్యండి, అలాంటి పిల్లలకి అదే మంచిది అని చెప్పి పంపాడు.

గంగాభవాని ఆ మాట బాగా పట్టుకుంది. రోజూ అదే మెట్టు, అదే దువ్వెన, అదే లెక్క. ఒకటి, రెండు, మూడు అని ఇరవై దాకా దువ్వడం, ఇరవై కాగానే "అయిపోనాది" అనడం. అన్నం వేళకి పిల్లలందర్నీ అడిగినట్టే దాన్నీ "అన్నం తిన్నావేటి?" అని అడగడం. పిల్ల వంటింటి రేకు తలుపు మీద గోళ్ళతో గీకితే "సాలింక" అనడం.

ఒక వేసవి మధ్యాహ్నం చాందిని కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అన్నం తిన్నావేటి?" అంది.

వంటమనిషి పైడమ్మ గరిటె కింద పడేసింది. ఆమెది విజయనగరం. ఈ ఇంట్లో గంగాభవాని తప్పితే తెలుగు వచ్చిన ఇంకో మనిషి ఆమే.

"ఓలమ్మో, వొదినా! ఇటు రాయే! నీ గొంతే. అచ్చం నీ గొంతే దిగిపోనాది గుంటకి!"

"నన్నేటి అడుగుతోందే, తిన్నానా అని?"

"నిన్నడగడం కాదొదినా, దానికి ఆకలేస్తున్నాది. కంచం సూడు."

అప్పుడర్థమైంది గంగాభవానికి. ఆ మాట వినబడ్డాక అన్నం వస్తుంది కాబట్టి, అన్నం కావాలంటే ఆ మాట అనాలి. చాందిని లోకంలో మాటకి అదే అర్థం. అప్పట్నుంచి ఒకటొకటే మాటలు దిగాయి. వంటింట్లో కుక్కర్ కూత భరించలేకపోతే చెవులు మూసుకుని "సాలింక" అనేది. ఎవరైనా కావాలనుకుంటే "బేగి రా" అనేది. తల దువ్వించుకుంటూ లెక్క తనే చెప్పేది, ఎక్కడా తప్పకుండా, ఇరవై దాకా. ఒకసారి పైడమ్మ రొట్టెలు పేరుస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టి, ఇరవై రాగానే "అయిపోనాది" అని రొట్టెల డబ్బా మూత పెట్టేసింది. ఆ పూట నలుగురికి రొట్టెలు తక్కువై పైడమ్మ మళ్ళీ పిండి కలిపింది. కలుపుతూ నవ్వుతూనే ఉంది.

రెండేళ్ళకి బడిలో చేర్చే మాట వచ్చింది. గృహం వెనక వీధిలోనే ఒక హిందీ మీడియం బడి ఉంది. అలాంటి పిల్లల్ని కూడా మామూలు బడిలో చేర్చుకోవాలని చట్టం వచ్చిందని మేడమ్ పట్టుబట్టింది. గంగాభవాని కంటే ఎక్కువగా ఎవరూ సంతోషించలేదు. పిల్ల నిలదొక్కుకుంటే చాలు. లెక్క వచ్చు కదా, లెక్క వచ్చిన పిల్లకి తక్కినవి రావా?

మొదటిరోజు వీధిలో చాందిని ఎదురొచ్చిన ప్రతి మనిషినీ "అన్నం తిన్నావేటి? బేగి రా" అని గట్టిగా పలకరిస్తూ నడిచింది. బడి ముందు పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు ఆ మాటల్ని వెక్కిరిస్తూ తిప్పి అన్నాడు. ఇంకోడు "మద్రాసన్, మద్రాసన్" అన్నాడు. గంగాభవానికి ముప్ఫై ఏళ్ళ కిందటి వీధి మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఇది ఇలాగే అరుస్తుంటే ఈ బడివాళ్ళు ఉంచుకుంటారా? నాలుగు రోజులు చూసి, మా వల్ల కాదని పంపెయ్యరూ?

మర్నాడు గృహం గేటు దగ్గర ఆగింది. చాందిని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని వేలు తీసి దాని పెదాల మీదే ఉంచింది.

"గేటు దాటినాం. ఇంక మన మాట లేదు. స్."

డాక్టరు చెప్పాడు కదా, రోజూ ఒకేలా. రోజూ ఒకేలా చెప్పింది. వారం తిరక్కుండానే గేటు దాటగానే పిల్ల వేలు దానంతటదే పెదాల మీదకి వెళ్ళేది. వీధంతా నిశ్శబ్దంగా నడిచేది. మధ్యాహ్నం తిరిగొచ్చి గేటు లోపలికి అడుగుపెట్టగానే "అన్నం తిన్నావేటి?" అనేది.

గంగాభవాని ఆ సంగతి ఇంటికొచ్చి మొగుడికి గొప్పగా చెప్పుకుంది. "వారంలో నేర్సీసుకుందయ్యా. ఎంత బుర్ర దానిది!"

సత్తిరాజు టీ ఊదుకుంటూ, "మన వీణకి ఆర్నెల్లు పట్టినాది. నీకయితే ఇప్పటికీ రాలేదు, కూరగాయల బండాడితో తెలుగులోనే దెబ్బలాడతావు. గుంట నీకన్నా నయం" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు.

బడిలో చాందిని ఒక్క మాటా మాట్లాడలేదు. పేరు పిలిస్తే పలకలేదు. పలక మీద అంకెలు చూపిస్తే చూసి ఊరుకుంది. హిందీ వస్తుంది, మెల్లగా వస్తుంది అనుకుంటూ ఒక ఏడాది, ఇంకో ఏడాది గడిచాయి. హిందీ రాలేదు. టీచరు చెడ్డది కాదు. కాని డెబ్భైమంది పిల్లల గదిలో, అడిగినా పలకని పిల్ల వెనక బెంచీ కిటికీ పక్కకి మెల్లగా జరిగిపోతుంది. చాందిని కూడా జరిగిపోయింది.

"ఇంట్లో మాట్లాడుతుందండీ. ఇరవై దాకా లెక్కపెడుతుంది" అంది గంగాభవాని ఒకసారి టీచరుతో, హిందీలో.

"అందరు తల్లులూ అదే అంటారు దీదీ" అంది టీచరు. జాలిగానే అంది.

మూడో ఏడు ప్రీతి అని ఒకమ్మాయి వచ్చింది. ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా చదువుకున్న టీచరు. జిల్లాలో అలాంటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. స్కూటీ మీద బడి బడికీ తిరుగుతుంది, ఒక్కో బడికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. చాందిని ముందు బొమ్మలు పరిచి చాలాసేపు కూర్చుంది. కప్పు చూపించింది, బంతి చూపించింది, అంకెలు చూపించింది. పిల్ల పెదాల మీద వేలుంచుకుని చూస్తూ కూర్చుంది. చివరికి ప్రీతి గుమ్మం దగ్గర నిలబడిన గంగాభవానిని అడిగింది.

"మీ గృహంలో ఈ పాపతో ఏ భాష మాట్లాడతారు దీదీ?"

అది బడి. గడపకి అవతల. అడిగింది బయటి మనిషి. గంగాభవాని నోటినుంచి ఆలోచించకుండానే జవాబొచ్చింది.

"హిందీయే మేడమ్."

ప్రీతి తలూపి, బొమ్మలు సర్దుకుని, ఇంకో బడికి వెళ్ళిపోయింది.

ఆ సంవత్సరం చివర్లో చాందినికి మాటలు లేవనీ, మామూలు బడి వల్ల లాభం లేదనీ తేల్చారు. నయా రాయపూర్ వైపు కొత్తగా కట్టిన ప్రత్యేక గృహానికి పంపాలని నిర్ణయం అయింది. అక్కడ ఇలాంటి పిల్లలే ఉంటారు, చేతిపనులు నేర్పుతారు, మంచిదే అంది మేడమ్. గంగాభవాని ఒకటే మాట అడిగింది.

"అక్కడ చదువు చెబుతారా మేడమ్?"

"ఎంత వస్తే అంత" అంది మేడమ్.

వ్యాను వచ్చిన రోజు గంగాభవాని పిల్లకి జడ వేసింది. ఇరవై దాకా చాందినే లెక్కపెట్టింది. "అయిపోనాది" అంది. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వ్యాను గేటు దాటుతుండగా చాందిని కిటికీలోంచి చూసి, పెదాల మీద వేలుంచుకుంది.

"సూసినావా, ఏడవద్దంటున్నాది మనల్ని" అంది పైడమ్మ.

గంగాభవానీ అలాగే అనుకుంది. చాలా రోజులు అదే చెప్పుకుని ఓదార్చుకుంది.

ఒకసారి చూడ్డానికి వెళ్ళింది. కొత్తచోట అలవాటు పడేదాకా పాతవాళ్ళు రాకపోతేనే మేలని గేటు దగ్గరే చెప్పారు. నిజమే కాబోలనుకుని వచ్చేసింది. తరవాత కొత్త పిల్లలు వచ్చారు, కొత్త తలలు, కొత్త జడలు. కరోనా వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయి ఆమె ఉద్యోగం మానేసింది. రావద్దన్నవాళ్ళని ఇంకోసారి అడిగి ఉండాల్సిందని అప్పుడప్పుడు అనిపించేది గాని, అనిపించడం వేరు, బస్సెక్కడం వేరు.

ఆమెని బస్సెక్కించింది మనవరాలు ఫణిశ్రీ. వీణ కూతురు, నాలుగేళ్ళది. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. అవి వచ్చేదాకా వీణ పిల్లని ఎందరు డాక్టర్లకి చూపించిందో, పక్కింటి పిల్ల ఏ నెలలో ఏం మాట్లాడిందో ఎన్నిసార్లు వాకబు చేసిందో! తీరా మొదలుపెట్టాక నోటికి తాళం లేదు. ఒక ఆదివారం సినిమాకి బయల్దేరుతూ గడప దగ్గర వీణ అలవాటుగా వంగి, కూతురి పెదాల మీద వేలుంచింది. "బయట హిందీ. సరేనా?"

"సరే" అంది ఫణిశ్రీ. ఆటో ఎక్కీ ఎక్కగానే, "అమ్మమ్మా, ఈ ఆటో తాతకి మీసాల్లేవేటి?" అని గట్టిగా తెలుగులో అడిగింది.

వీణ నెత్తి కొట్టుకుంది. సత్తిరాజు పగలబడి నవ్వాడు. గంగాభవాని నవ్వలేదు. ఆటో కదిలింది, కాలనీ గేటు వెనక్కి వెళ్ళింది, పిల్ల మాట్లాడుతూనే ఉంది. వీణా అంతే, తనూ అంతే, ఆ లైన్లలో పెరిగిన ప్రతి పిల్లా అంతే. వేలు పెట్టించుకునేది, ఆకలేస్తే, దెబ్బ తగిలితే, నవ్వొస్తే వేలు తీసేసేది. తీసెయ్యచ్చని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చాందిని తియ్యలేదు. తియ్యచ్చని దానికి ఎవరూ చెప్పలేదు. గేటు దాటితే మాట లేదన్నారు. దాన్ని గేటు దాటించి, మళ్ళీ వెనక్కి తేలేదు.

"ఏటైనాదే? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు సత్తిరాజు.

"ఏడవద్దనలేదయ్యా అది" అంది గంగాభవాని. అతనికి అర్థం కాలేదు.

మరుసటి ఆదివారమే నయా రాయపూర్ బస్సెక్కింది. నాలుగు లారీలు పక్కపక్కన వెళ్ళేంత రోడ్లు, వాటి మీద మనుషులు లేరు. ప్రత్యేక గృహంలో ఆమెకి ఎదురొచ్చింది ప్రీతే. ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. జుట్టులో ఒక తెల్ల పాయ వచ్చింది. గంగాభవానిని వెంటనే గుర్తుపట్టలేదు. బడి పేరు, చాందిని పేరు చెప్పాక గుర్తుపట్టింది.

గంగాభవాని నిలబడే మొత్తం చెప్పింది. గడప సంగతి, గేటు సంగతి, వేలి సంగతి. ప్రీతి మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది.

"నేనడిగాను కదా దీదీ, ఏ భాష అని."

"అడిగారు."

"మీరు హిందీ అన్నారు."

"అన్నాను మేడమ్. ఎవరడిగినా అంతే అంటాం. అలవాటు."

"నేను ఒక్కసారే అడిగాను" అంది ప్రీతి. "బీఎస్సీలో మొదటి ఏడాదే చెబుతారు, ఒక్కసారి కొలిచిన కొలతని నమ్మకూడదని. ఆ రోజు నాకు ఇంకా రెండు బళ్ళున్నాయి."

చాందిని వెనక షెడ్డులో పసుపు పొట్లాలకి చీటీలు అంటిస్తోంది. పొడుగైంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు. వేళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. దాని ఈడు పిల్లలు పదో తరగతి పరీక్షలకి కూర్చుంటున్నారని గంగాభవానికి ఆ క్షణంలోనే ఎందుకు తట్టిందో తెలియదు.

"చాందినీ, అన్నం తిన్నావేటి?"

పిల్ల చేతులు ఆగాయి. తలెత్తింది. లేచి వచ్చి, ముఖం చూడకుండా, పసుపు వేలు గంగాభవాని పెదాల మీద ఉంచింది.

"స్" అంది.

పదేళ్ళ కిందట తను అన్నట్టే. అంతే పొడుగు, అంతే మెత్తన. గంగాభవాని ఆ వేలు పట్టుకుని పసుపు బస్తాల మీద కూర్చుంది.

ప్రీతి ఆమెకి నీళ్ళిచ్చి, "అది మర్చిపోలేదు దీదీ. చూశారా, రూలు ఉందంటే మాట కూడా ఉన్నట్టే" అంది. "కాని రూలు తీసెయ్యమంటే తియ్యదు. పక్కన ఇంకో రూలు పెట్టాలి. గేటు దాటితే లేదన్నారు. ఈ గేటు లోపలికొస్తే ఉందని కూడా చెప్పాలి కదా, అది ఎప్పుడూ చెప్పలేదు మనం."

మనం అంది. ఆ మాటకి గంగాభవాని ఆమె చెయ్యి పట్టుకుంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం గంగాభవాని మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని బస్సెక్కేది. చాందినిని ఆ గృహం గేటు బయటికి తీసుకెళ్ళి, తిరిగి లోపలికి తీసుకొచ్చి, పెదాల మీది వేలు మెల్లగా దించి, "గేటు లోపలికొచ్చీసినాం. మన మాట ఉన్నాది" అనేది. ప్రతిసారీ ఒకేలా, డాక్టరు చెప్పినట్టే. వేలు మళ్ళీ పైకి వెళ్ళేది. మళ్ళీ దించేది. వాచ్‌మన్‌కి ఈ ముసలమ్మ ఏం చేస్తోందో అర్థంకాక, "అమ్మా, లోపలికా, బయటికా, ఒకటి తేల్చుకో" అని విసుక్కునేవాడు. వానాకాలం వెళ్ళిపోయింది. చలి వచ్చింది. పిల్ల వేలు దించితే దించినట్టు ఉంచడం మొదలైంది గాని మాట లేదు.

ఒక ఆదివారం గేటు లోపలికొచ్చాక చాందిని చెయ్యి విడిపించుకుని నేరుగా వంటింటి కిటికీ దగ్గరికి నడిచింది. ఊచలు పట్టుకుని, గంగాభవాని గొంతుతో అంది. "అన్నం తిన్నావేటి?"

లోపల వంట చేస్తున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. "ఏమంది? ఏమంది ఈ పిల్ల?"

"ఆకలేస్తోందంటోంది" అంది గంగాభవాని హిందీలో.

ఆవిడ కంచం తీసి అన్నం వడ్డించింది. "రోజూ ఇక్కడే నిలబడేది. వెలుగుకి అడ్డమొస్తోందని పక్కకి జరిపేదాన్ని."

ప్రీతి పరిగెత్తుకొచ్చింది. చాందిని కంచం ఖాళీ చేసింది, ఇంకోసారి అడిగి పెట్టించుకుంది, తిన్నది. అందరూ చూస్తుంటే గంగాభవాని దాన్ని మెట్టు మీద కూర్చోబెట్టుకుని, పొట్టి జుట్టే అయినా నూనె రాసి దువ్వడం మొదలుపెట్టింది. ఆమె లెక్క మొదలుపెట్టకముందే పిల్ల మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఎక్కడా తప్పలేదు. ఇన్నేళ్ళ తుప్పు ఒక్క అంకె మీద కూడా లేదు.

"చెప్పనివ్వండి, ఆపకండి" అంది ప్రీతి గుసగుసగా. "ఎంతదాకా వెళుతుందో చూద్దాం."

పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

"అయిపోనాది" అంది చాందిని, దువ్వెన అందుకుని పక్కన పెట్టేసింది.

ఇరవై తరవాత ఇరవై ఒకటి ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. గంగాభవాని ఆ దువ్వెన మళ్ళీ చేతిలోకి తీసుకుంది.